చక్కెర మిల్లుల మురుగునీరును, రైతుల హక్కును

చెఱకు పండించు రైతునకు చక్కెర మిల్లుతో రెండు విధములైన సంబంధము గలదు. బండి తూకమునకు నిలిచినపుడు అతడు మిల్లు మేలును కోరును. మిల్లు నడిచిననే గదా అతని పైరునకు వెల. పొలము ప్రక్కనున్న వాగు నల్లబడి దుర్గంధము గొట్టినపుడు అదే రైతు మిల్లును నిందించును. ఒకే యింట అన్నదమ్ములలో నొకడు మిల్లు పక్షమును, రెండవవాడు వాగు పక్షమును బూని కలహించుట కలదు. మిల్లు నడవవలయుననుటకును, వాగు నిర్మలముగ నుండవలయుననుటకును విరోధము లేదనియు, ఈ రెంటిని కలుపుటకే చట్టము ఏర్పడినదనియు, ఆ చట్టమును మేల్కొలుపు పని చాల వఱకు మన చేతిలోనే యున్నదనియు జూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

బోధను నేర్పిన పాఠము

మన ప్రాంతమున చక్కెర మిల్లనగానే మొదట తలపునకు వచ్చునది బోధను. మంజీర నదిపై నిజాంసాగరము 1923లో మొదలై 1931 నాటికి పూర్తియైనది. దాని కాలువల క్రింద చెఱకు విరివిగ పండజొచ్చెను. ఆ చెఱకును గానుగాడించుటకే 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ మిల్లు పేరనే శక్కర్‌నగరమను ఊరు వెలసెను. ఒకప్పుడది ఆసియాలోని పెద్ద చక్కెర మిల్లులలో నొకటిగ పేరుగాంచినది. 2002లో దాని యాజమాన్యములో ప్రధానభాగము ప్రైవేటువారికి పోయెను. 2015 డిసెంబరులో బోధను, మెట్‌పల్లి, మెదకు శాఖలు మూడును మూతపడెను. మిల్లు మూతపడిన పిమ్మట చెఱకు రైతు పాట్లు ఎట్టివో ఆ తాలూకాల వారికి మఱల చెప్పనక్కఱలేదు. చెఱకును దూరపు మిల్లులకు తోలవలసి వచ్చెను. పలువురు చెఱకునే మానివేసిరి.

కావున "మురుగు వచ్చుచున్నది గనుక మిల్లు మూయించుడు" అని తొందరపడి యనువాడు రైతుల బాధ నెఱిగినవాడు కాడు. అట్లే "మిల్లు ఉన్నదే చాలును, నీటి మాట యెత్తకుడు" అనువాడును మన మేలు కోరువాడు కాడు. బోధను మిల్లును మఱల తెఱపించు ప్రయత్నములు 2024లో మొదలైనవి. పాత మిల్లు మఱల తెఱచునపుడు గాని, క్రొత్త మిల్లు కట్టునపుడు గాని మురుగునీటి యేర్పాటును మొదటనే అడుగుట సులభము. యంత్రములు తిరుగజొచ్చిన వెనుక అడిగినచో ప్రతి పైసకును తగవే.

మురుగు ఎక్కడ పుట్టును?

చెఱకులో నూటికి సుమారు 70 పాళ్లు నీరే. అందుచేత చక్కెర మిల్లు నీటికి మొగము వాచిన పరిశ్రమ కాదు. చెఱకు తనతో కూడ నీటిని తెచ్చుచున్నది. రసమును కాచునపుడు ఆవిరిగా లేచిన నీటిని పట్టి మఱల వాడుకొనిన మిల్లు బయటనుండి తీసికొనవలసిన నీరు చాల తగ్గును. ఈ పొదుపు తెలియని మిల్లు నదినుండి విచ్చలవిడిగ తోడును. తోడినంత మురుగుగ వదలును.

మురుగు ప్రధానముగ నాలుగు చోట్ల పుట్టును. మొదటిది గానుగశాల. అచ్చట యంత్రములకు పెట్టిన నూనెయు, నేల కారిన రసమును, పిప్పి నలుసులును కడిగిన నీటితో కలిసి పోవును. రెండవది రసము కాచు శాల. రసమును సున్నముతోను గంధకపు పొగతోను తేర్చుదురు. కాచు పాత్రలకు లోపల పట్టిన గారను కొన్ని దినముల కొకసారి కాస్టిక్ సోడాతోను ఆమ్లముతోను కడుగుదురు. ఆ కడుగునీరు మిక్కిలి ఘాటైనది. అది ఒక్కపెట్టున కాలువలో పడినచో తక్కిన దినములలో పడిన శ్రమయంతయు వ్యర్థమగును. మూడవది ఆవిరిని చల్లార్చు నీరు. ఇది చూపునకు తేటగా నుండును. కాని కాచునపుడు పొంగిన రసము ఆవిరితో కొట్టుకొనివచ్చినచో చక్కెర దీనిలో కలియును. నాలుగవది మడ్డి. చక్కెర తీసిన వెనుక మిగులు మొలాసిస్ అను ఈ మడ్డి నూఱు టన్నుల చెఱకునకు నాలుగు టన్నులకు పైగా దిగును. దానిని మూతగల ఉక్కు తొట్లలో నిలువచేయవలయును. తొట్టి కారినను, పగిలినను కలుగు కీడును క్రింద చెప్పుదును.

మిల్లునకు చేర్చి సారాయి కాచు డిస్టిలరీ యున్నచో ఐదవ చిక్కొకటి కూడ కలదు. మడ్డిని పులియబెట్టి సారమును తీసిన తరువాత మిగులు నల్లని కషాయము చక్కెర మిల్లు మురుగుకంటె ఎన్నో రెట్లు తీవ్రమైనది. ఒక లీటరు సారమునకు ఇట్టి కషాయము 8 మొదలు 15 లీటర్ల వఱకు దిగును. అందుచేతనే దానిని ఏ వాగులోనికిని చుక్కయైనను వదలరాదనియు, ఇంకించి కాల్చియో, ప్రెస్‌మడ్డితో కలిపి ఎఱువు చేసియో తీర్చుకొనవలయుననియు నియమము.

తియ్యని నీరు విషమగుట యెట్లు?

"చెఱకు రసము మనము త్రాగునదే గదా, అది నీటిలో కలిసినచో కీడేమి?" అని కొందఱడుగుదురు. ఈ ప్రశ్న తెలివిగలదే. రసము స్వయముగ విషము కాదు. నీటిలో చేరిన వెంటనే దానిని తినుటకు కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది పుట్టును. అవి చక్కెరను తినుచు నీటిలో కఱగియున్న ప్రాణవాయువును పీల్చివేయును. చేపలకును, నత్తలకును ఆ వాయువే ఊపిరి. అది తఱిగినపుడు చేపలు నోళ్లు తెఱచుకొని నీటి పైకి వచ్చి చచ్చును. ప్రాణవాయువు పూర్తిగ పోయిన పిమ్మట వేఱు జాతి సూక్ష్మజీవులు పుట్టి గంధకమును కుళ్లించి, మురిగిన కోడిగ్రుడ్డు వాసన గల విషవాయువును విడుచును. వాగు నల్లబడుటయు, కంపు గొట్టుటయు అప్పుడే.

ఒక నీటిని శుద్ధిచేయుటకు సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు పట్టునో ఆ లెక్కకు బి.ఓ.డి. యని పేరు. మన దేశమున దానిని 27 డిగ్రీల వేడిమిలో మూడు దినములుంచి కొలుతురు. తేట నీటి లీటరులో కఱగియుండు ప్రాణవాయువు సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే. శుద్ధిచేయని చక్కెర మిల్లు మురుగు బి.ఓ.డి. లీటరునకు వేయి మిల్లీగ్రాములు, అంతకు పైగా నుండుట సామాన్యము. ఇప్పుడు లెక్క చూడుడు. వేయిని ఎనిమిదిచే భాగించిన 125 వచ్చును. అనగా ఒక్క లీటరు మురుగు 125 లీటర్ల తేట నీటిలోని ఊపిరినంతటిని హరింపగలదు. పాఱుచున్న యేఱు గాలినుండి మఱికొంత వాయువును తీసికొనును గనుక ఈ లెక్క అచ్చముగ నిట్లే జరుగదు. కాని కీడుయొక్క పరిమాణమును గ్రహించుట కిది చాలును. అదే మురుగును 30 మిల్లీగ్రాముల వఱకు శుద్ధిచేసినచో ఒక లీటరు హరించు ఊపిరి నాలుగు లీటర్లకు లోపే. యేఱు దానిని సహింపగలదు.

ఇందు మఱియొక విశేషము కలదు. చెఱకు గానుగ కార్తికమున మొదలై ఫాల్గుణ చైత్రముల వఱకు సాగును. వానలు వెనుకబడి, వాగులు సన్నగిల్లి, మడుగులు మాత్రము మిగులు కాల మదియే. వర్షకాలమున వఱదలో కొట్టుకొనిపోవు మురుగు, మాఘమున మడుగులో నిలిచిపోవును. కలుపుకొనుటకు నీరు తక్కువైన దినములలోనే మురుగు ఎక్కువ. చక్కెర మిల్లునకు కఠినమైన నియమములు కావలసినది ఇందుచేతనే.

పొలములో జరుగునది

మురుగునీరు పొలమునకు పాఱినపుడు మొదటి సంవత్సరము పైరు ఏపుగ కనబడవచ్చును. అది చూచి "ఇది మంచి ఎఱువు" అని మోసపోరాదు. నీటిలోని నలుసు నేల రంధ్రములను మూయును; వేళ్లకు గాలి తగ్గును. నేలలోని సూక్ష్మజీవులు చక్కెరను తినుటకై నత్రజనిని తామే పట్టుకొనును. పైరు పసుపువన్నె తిరుగును. కాస్టిక్ సోడాలోని సోడియము నల్లరేగడిని బంకచేసి, ఎండినపుడు ఱాతివలె గట్టిపఱచును. అడుగునకు దిగిన మురుగు బావులలో చేరినచో నీరు రంగు మాఱి, త్రాగుటకు పనికిరాకపోవును. చెడిన వాగు ఒక వానకాలమునకు తేరుకొనవచ్చును. చెడిన బావి తేరుకొనుటకు ఏండ్లు పట్టును.

పట్టణవాసులు ఇది పల్లెల గొడవయని యనుకొనరాదు. ఈ పత్రికకు వ్యాసము వ్రాయుచున్న గౌలిపుర మూసీ నదికి దక్షిణపు గట్టు పేటలలోనిది. గౌలీ లనగా పాలవారు. నగరపు మురుగుతో నిండిన మూసీ నీటిని నగరమునకు దిగువ గ్రామములవారు పారాగడ్డికి పెట్టుట పలువుర మెఱిగినదే. ఆ గడ్డి తిరిగి నగరపు గేదెలకే వచ్చుచున్నది. మంజీర నీటిని 1960ల నుండి హైదరాబాదువారు త్రాగుచున్నారు. ఒకరు వదలిన నీరు ఇంకొకరి కుండలోనికో, దూడ తొట్టిలోనికో చేరక మానదు.

శుద్ధిచేయు విధము

మురుగును శుద్ధిచేయుట మంత్రము కాదు. సామాన్యులు గ్రహింపగల పనియే. మొదట జల్లెడలతో పిప్పిని ఆపుదురు. నూనె తేలు తొట్టిలో నూనెను తీయుదురు. పిదప ఆయా చోట్ల నుండి వచ్చు నీటిని పెద్ద తొట్టిలో కలిపి, సున్నముతో పులుపు విఱుతురు. గార కడిగిన ఘాటు నీటిని విడిగ నిలిపి, కొద్దికొద్దిగ దీనిలో కలుపవలయును. తరువాత నలుసు అడుగున దిగుటకు నీటిని నిలుపుదురు. అటుపిమ్మట గాలిమరలు తిరుగు తొట్టిలో సూక్ష్మజీవులు చక్కెరను తినివేయును. వాగులో చేపల ఊపిరిని తీసి చేయవలసిన పనిని, ఆ జీవులు ఇచ్చట మనమిచ్చిన గాలితో చేయుచున్నవి. చివర మఱల తేర్చి, తేట నీటిని కుంటలో నిలుపుదురు.

ఈ సూక్ష్మజీవులను పెంచుట పాలకు తోడువేయుట వంటిది. తోడువేసిన వెంటనే పెరుగు కాదు. కొంత కాలము పట్టును. కావుననే శుద్ధి తొట్లను గానుగ మొదలగుటకు కనీసము ఒక నెల ముందుగ నడుపవలయునని నియమము. గానుగ దినముననే తొట్టిలో నీరు పోయువాడు మొదటి నెల మురుగంతయు వాగులోనికే వదలుచున్నాడని తెలిసికొనుడు. అట్లే విద్యుచ్ఛక్తి ఖర్చును తప్పించుకొనుటకై రాత్రివేళ గాలిమరలను ఆపినచో సూక్ష్మజీవులు చచ్చును; మరునాడు మరలను తిప్పినను అవి వెంటనే పుట్టవు. తొట్లు కట్టుటతో పని తీరలేదు. వానిని దినదినము నడుపుటయే అసలు పని.

చట్టము చెప్పునది

నీటి కాలుష్య నివారణ చట్టము 1974లో పార్లమెంటు చేసినది. దాని క్రింద ప్రతి రాష్ట్రమునకు కాలుష్య నియంత్రణ మండలి యొకటి యేర్పడినది. ఆంధ్రప్రదేశమున నిది 1976లో స్థాపింపబడెను. తెలంగాణమునకు వేఱు మండలి 2014లో ఏర్పడెను. ఈ చట్టముయొక్క 24వ విభాగము ఏటిలోనికి గాని బావిలోనికి గాని కలుషితమును తెలిసి విడుచుటను నిషేధించుచున్నది. 25వ విభాగము ప్రకారము మండలి సమ్మతి లేక ఎవ్వరును మురుగు తూమును తెఱవరాదు. మిల్లు కట్టుటకు ఒక సమ్మతి, నడుపుటకు వేఱొక సమ్మతి పొందవలయును. ఆ సమ్మతి పత్రములో ఎంత నీరు, ఎట్టి నీరు, ఎచ్చటికి వదలవచ్చునో వ్రాసియుండును. షరతులు మీఱిన మిల్లునకు విద్యుత్తును, నీటిని నిలుపుమనియు, మిల్లునే మూయుమనియు ఆజ్ఞాపించు అధికారము 1988 సవరణతో మండలికి కలిగెను. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము పరిశ్రమల వారీగ కొలతలను నిర్ణయించుచున్నది.

చక్కెర మిల్లుల కొలతలు క్రమముగ బిగిసినవి. 1993 నాటి నియమము టన్ను చెఱకునకు 400 లీటర్ల మురుగును అనుమతించినది. 2016 జనవరిలో వెలువడిన ప్రకటన దానిని సగమునకు తగ్గించినది: శుద్ధిచేసిన మురుగు 100 లీటర్లు, చల్లార్చు నీటి పొర్లు 100 లీటర్లు, కలిసి 200 లీటర్లు. అనగా దినమునకు 2,500 టన్నులు ఆడించు మిల్లు వెనుక 10 లక్షల లీటర్లు వదలగలిగినది, ఇప్పుడు 5 లక్షల లీటర్లకు మించి వదలరాదు.

అదే ప్రకటన ప్రకారము ఏటిలోనికి వదలు నీటి బి.ఓ.డి. 30 మిల్లీగ్రాములకును, పొలమునకు పాఱించు నీటిది 100 మిల్లీగ్రాములకును మించరాదు. తేలు నలుసుకు కూడ ఈ రెండు అంకెలే హద్దు. నూనె 10 మిల్లీగ్రాములకు లోపు. మిల్లునకు ఒక్కటే తూము ఉండవలయును, దొంగతూములు చెల్లవు. నీటిని తోడు ప్రతి చోట మీటరు పెట్టవలయును. తడి అవసరము లేని దినములకై 15 దినముల నీటిని నిలుపగల కుంట యుండవలయును.

పొలమునకు పాఱించు నీటికి నేల స్వభావమును బట్టి హద్దు కలదు. ఇసుక నేల హెక్టారునకు దినమునకు 225 మొదలు 280 ఘనమీటర్లు సహించునని చెప్పినవారు బంకమట్టికి 35 మొదలు 55 ఘనమీటర్లు మాత్రమే ఇచ్చిరి. ఘనమీటరనగా వేయి లీటర్లు. పై చెప్పిన 2,500 టన్నుల మిల్లుయొక్క శుద్ధిచేసిన మురుగు దినమునకు 250 ఘనమీటర్లు. నల్లరేగడి బంకనేలలో దానికి సుమారు ఐదు మొదలు ఏడు హెక్టార్లు, అనగా 11 మొదలు 18 ఎకరముల భూమి కావలయును. రెండెకరముల బీడు చూపి "మా నీరంతయు పొలమునకే పోవుచున్నది" అను మిల్లు మాటను ఈ లెక్కతో పరీక్షింపవచ్చును.

కేంద్ర మండలి 2014లో చక్కెర, డిస్టిలరీ మున్నగు 17 వర్గముల పరిశ్రమలు తూము కడ తామే కొలుచు యంత్రములను పెట్టి, అంకెలను ఎప్పటికప్పుడు మండలికి పంపవలయునని యాజ్ఞాపించెను. 2006 నాటి ప్రకటన ప్రకారము దినమునకు 5,000 టన్నులు, అంతకు పైన ఆడించు మిల్లునకు ముందుగ పర్యావరణ అనుమతి కావలయును. దానికై మిల్లు చోటి కడనే ప్రజల యభిప్రాయమును వినుటకు సభ జరుపవలయును. ఆ సభకు రైతులు పోయి తమ మాట వ్రాయించుట ముఖ్యము; సభలో పలుకనివాడు వెనుక వగచుట తప్ప మార్గము లేదు.

చట్టము మాటలాడిన సందర్భములు

చట్టము కాగితము మీదనే యుండునని నిరాశపడువారు కలరు. వారు కొన్ని సంగతులను తెలిసికొనవలయును. పంజాబులోని గురుదాస్‌పురము జిల్లాలో 2018 మే నెలలో ఒక మిల్లు మడ్డి పొర్లి బియాస్ నదిలో పడెను. నీటిలో ఊపిరి పోయి లెక్కలేనన్ని చేపలు చచ్చి తేలెను. ఆ రాష్ట్రపు మండలి మిల్లుపై ఐదు కోట్ల రూపాయల జరిమానా వేసెను. ఉత్తరప్రదేశమున సింభావలి చక్కెర మిల్లు మురుగు ఒక కాలువ ద్వారా గంగను చేరుచున్నదని మొఱ రాగా, జాతీయ హరిత న్యాయస్థానము 2014లో ఐదు కోట్లు చెల్లింపుమని తీర్పుచెప్పెను.

మన కడనే పటాన్‌చెరువు ఉదాహరణము కలదు. అచ్చటివి చక్కెర మిల్లులు కావు. రసాయన, ఔషధ కర్మాగారములు. వాని మురుగు నక్కవాగులో పడి మంజీరను చేరుచుండెను. బావులు, పొలములు చెడిన గ్రామములవారి పక్షమున 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడెను. కోర్టు నష్టపరిహారము నిప్పించెను. అది మేలే, కాని ఆ పరిహారముతో నక్కవాగు వెనుకటి నక్కవాగు కాలేదు. సొమ్ము వచ్చినను నీరు రాదని ఆ గ్రామములు మనకు నేర్పినవి. కావున నష్టమైన పిదప పరిహారమునకు తిరుగుటకంటె, తూము తెఱచుటకు ముందే షరతులను కట్టించుట వేయిరెట్లు మేలు.

సభ్యులు చేయదగిన పనులు

చట్టము తనంతట నడచి రాదు. సంఘ సభ్యులు ఈ క్రింది పనులను చేయవచ్చును.

మొదటిది, సమ్మతి పత్రమును చదువుట. 25వ విభాగము ప్రకారము మండలి తానిచ్చిన షరతులను ఒక పుస్తకములో వ్రాసి యుంచవలయును. ఆ తూముచే బాధ పొందు ఎవరైనను తగిన వేళలలో ఆ పుస్తకమును చూడవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టముచే నకలును కూడ కోరవచ్చును. షరతు తెలియనివాడు షరతు మీఱినదని చెప్పజాలడు.

రెండవది, గుఱుతులు వ్రాయుట. సంఘము కడ నొక పుస్తకముంచి, నీరు నల్లబడిన తేదీ, గంట, వాసన, చేపలు చచ్చిన చోటు, తూముకు ఎగువ నీరు ఎట్లున్నది, దిగువ నెట్లున్నది వ్రాయుడు. ఎగువ దిగువల భేదమే ప్రధాన సాక్ష్యము. ఎగువనే చెడిన నీటికి మిల్లును నిందించుట న్యాయము కాదు. తేదీ తెలియు ఫొటోలు తీయుట ఇప్పుడు అందఱికిని సులభమే.

మూడవది, నమూనా తీయించుట. మనము సీసాలో పట్టిన నీరు మనకు తెలివి నిచ్చును గాని కోర్టులో సాక్ష్యముగ నిలువదు. 21వ విభాగము ప్రకారము మండలి అధికారి మిల్లువారికి తెలియజేసి, వారి యెదుట నమూనా పట్టి, రెండు భాగములు చేసి ముద్రవేసి పంపవలయును. కావున ఫిర్యాదులో "ఫలానా తేదీన నీరు చెడెను, వెంటనే అధికారిని పంపి నమూనా తీయింపుడు" అని స్పష్టముగ కోరవలయును. గానుగశాల కడుగు దినము, గార తీయు దినము మిల్లులో పనిచేయువారికి తెలియును. ఆ దినములనే నమూనా తీయించుట ఫలప్రదము.

నాలుగవది, పై మెట్టు. మండలి కదలనిచో 49వ విభాగము ప్రకారము 60 దినముల నోటీసు ఇచ్చి ఎవరైనను స్వయముగ కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును. 2010 చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత న్యాయస్థానముయొక్క దక్షిణ పీఠము చెన్నపట్టణమున కలదు. తగవు తీర్పునకు ఆఱు నెలల లోపలను, నష్టపరిహారమునకు ఐదేండ్ల లోపలను దానికి అర్జీ పెట్టుకొనవలయును. గడువు దాటిన హక్కు ఎండిన విత్తనము వంటిది.

ఐదవది సహకార మిల్లులకు సంబంధించినది. అనకాపల్లి జిల్లాలో వరాహనది కడ ఏటికొప్పాకలో 1933లోనే సహకార పద్ధతిని చక్కెర పరిశ్రమ నెలకొన్నది; తరువాత తెలుగుదేశమున పలుచోట్ల అట్టివి వెలసెను. సహకార మిల్లులో వాటాదారుడే రైతు. అచ్చట ఫిర్యాదు చేయువాడును, ఫిర్యాదు పొందువాడును ఒక్కడే. కావున సర్వసభ్య సమావేశమున చెఱకు ధర అడిగిన నోటితోనే "శుద్ధి తొట్లకు ఈ యేడు ఎంత కేటాయించితిరి? గాలిమరలు ఎన్ని గంటలు తిరిగినవి? గానుగకు నెల ముందు తొట్లు మొదలిడితిరా?" అని అడుగవలయును. జవాబును తీర్మాన పుస్తకములో వ్రాయించవలయును.

ఖర్చు ఎవరిది?

"శుద్ధి ఖర్చు మిల్లునకు పెరిగిన, చెఱకు ధర తగ్గును గదా?" అను సందేహము సహజము. దీనికి సమాధానమిది. మురుగు ఖర్చును మిల్లు పెట్టకున్నచో అది మాయమగుటలేదు. దిగువ రైతుయొక్క బావి మీదికి, జాలరి వల మీదికి, పశువుల తొట్టి మీదికి మాఱుచున్నది. చెఱకు వేయనివాడు కూడ ఆ పన్ను కట్టుచున్నాడు. పైగా మురుగులో పోవునది చక్కెరయే. ఆవిరిలో రసము కొట్టుకొనిపోకుండ జాగ్రత్తపడినచో నీరును తేటపడును, మిల్లునకు చక్కెరయు మిగులును. కారుచున్న గొట్టమును బిగించుట, నేలను నీటితో కడుగక ముందు చీపురుతో ఊడ్చుట, ఆవిరి నీటిని తిరిగి వాడుట వంటి పొదుపు పనులకు అయ్యెడి ఖర్చు స్వల్పము. శుద్ధిచేయవలసిన నీరే తగ్గినచో శుద్ధి ఖర్చును తగ్గును. ప్రెస్‌మడ్డిని దిబ్బలుగ పోసి వానలో కాఱనీయక, ఎఱువు చేసి రైతులకిచ్చిన అదియు లాభమే.

రైతు సోదరులారా, ఈ యేటి గానుగకు ముందుగ మీ సంఘము ఒక్క తీర్మానము చేయుడు: మన చెఱకు పోవు మిల్లుయొక్క సమ్మతి పత్రపు నకలును తెప్పించి, తూము చోటును చూచి, ఎగువ దిగువ నీటి పుస్తకమును తెఱతుమని. తీర్మానమును ఇద్దఱు సభ్యులకు పేరుపేరున అప్పగింపుడు. అందఱి పని యన్నది ఎవ్వరి పనియు కాకుండ పోవును. మిల్లు వారికి ఒక నకలు మర్యాదగ పంపుడు. తమ తూము కడ కన్నులున్నవని తెలిసిన మిల్లు చాల వఱకు తానే దిద్దుకొనును. దిద్దుకొననిచో పై మెట్లెవ్వియో మీకు తెలిసియే యున్నవి.